అంశతః

సిగ్నల్ అవతలి ఒడ్డుది.
ప్రాణహిత దాటి వస్తుంది, పడవకు పైసా ఇవ్వకుండా.
అది బాగా అందేది బోరింగు గద్దె దగ్గరే,
అందుకే ఉప్పు డబ్బాకు ఆనించి ఫోను నిలబెట్టాను.
తెర మీద నాగపూర్. శీతాకాల సమావేశం, మూడో రోజు.
గిర్రున తిరిగే సున్నా ఒకటి
మా అందరి ముఖాల మీదా తిరుగుతోంది.

పోయిన చలికాలం హైదరాబాదు సభ చూశాం, ఇదే గద్దె మీద.
అక్కడ మాట్లాడింది మా భాష.
ఎవరు ఎవర్ని ఏమని తిట్టారో
ఏ సామెత ఎవరికి తగిలిందో
ఒక్కటీ జారకుండా అర్థమైంది.
బ్యారేజీ గురించి నాలుగు గంటలు.
స్తంభాలు, పగుళ్లు, కోట్లు,
"కూర్చో, నువ్వు కూర్చో."
నీళ్లు ఎంత దూరం వెనక్కి తన్నాయో ఎవరూ అనలేదు.
వాళ్ల పటంలో నదికి ఒకటే ఒడ్డు.
అక్కడ మాకు ఓటు లేదు,
కోపం కూడా సగంలో ఆపి లేచాం.

ఇక్కడ ఓటుంది.
భాష మాత్రం బడిలో నేర్చుకున్నది,
నాకూ, ఇంకో ఇద్దరికీ.
"ఏమంటుండు?" దుర్గం పోచక్క, అనపకాయలు ఒలుస్తూ.
రోడ్ల గురించి, అత్తా. మనది కాదు.
"ఇప్పుడు?"
నారింజ తోటల గురించి.
"ఇప్పుడు?"
నవ్వుతున్నారు. ఎందుకో నాకూ తెలీదు.

వెనక బెంచీలు ఖాళీ.
కెమెరా అటు పోబోయి, సిగ్గుపడ్డట్టు మళ్లింది.
కింద మూల చిన్న అంకె: నలభై ఒక్కరు చూస్తున్నారు.
అందులో మావి ఎన్నో లెక్కేసుకున్నాం.
ఈ ఫోను, జిరాక్స్ కొట్టుది, బానయ్య ఇంట్లోది.
ఆరుగురం ఒకే ఫోను చుట్టూ ముడుచుకున్నా
సభ లెక్కలో ఒక్కరమే.
అంకె నలభైకి దిగింది.
కాసేపటికి తడక సందులోంచి బానయ్య దూరి వచ్చాడు.
"నా నెట్టు ఒడిసింది. యాడిదాక అచ్చింది?"

ఇదే మామా, మనదే.

సభ్యుడు కాగితం చదివాడు.
రేగులగుంటను రెగుల్‌గుంఠా అన్నాడు.
బర్రెలు మునిగే మా గుంట
ఆయన నోట్లో ఎకరంలో నలభయ్యో వంతైపోయింది.
వెనక్కి తన్నిన నీళ్లలో
వరసగా నాలుగేళ్లు పొలాలు మునిగాయట,
హే ఖరే ఆహె కాయ?
ఆ చివరి మాట ఒక్కటే పోచక్కకు అందింది.
చేతిలో కాయ ఒలవకుండా అలాగే పట్టుకుంది.

మంత్రి లేచాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.
"అంశతః ఖరే ఆహె."
కూర్చున్నాడు.

అందరూ నా వైపు చూశారు.
మరాఠీలో నాకెప్పుడూ ఎనభై తగ్గలేదు.
మూడే మాటలు, తెలుగులోకి రావడం లేదు.
కొంత నిజమంట, అన్నాను చివరికి.
"కొంత అంటే ఎంత?" అన్నాడు బానయ్య.
ఆయనది మూడెకరాల ఇరవై గుంటలు,
ఇప్పుడు ఇసక మేట.
"మోకాలి దాక నిజమా? మెడ దాకనా?"

సభ అప్పటికే ఇంకో జిల్లాకు పోయింది.

"జర ఎనుకకు తిప్పు," అంది పోచక్క.
"మన ఊరి పేరు తీసిండు సూడు, ఆడికి."
తిప్పాను.
రెగుల్‌గుంఠా.
ఇంకోసారి.
ఆరోసారికి కనబడింది నాకు:
ఆ పేరు ముందు ఆయన ఆగాడు.
కొత్త ఊళ్లో బస్సు బోర్డు చదివేవాడిలా
వేలితో అక్షరం అక్షరం తడిమాడు.

చెప్పాను.
"పాపం, ఎవలన్న చెప్పాలె గద ఆయినకు," అంది,
"గుంట అని."
కాయ ఒలిచింది.
ఫోనులో ఛార్జింగు పదకొండు.